చెరిగిపోయే పచ్చబొట్టు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 1974లో అమెరికాలో పుట్టింది. కొందరు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు వీరులుగా, మంత్రగాళ్లుగా పాత్రలు ధరిస్తారు. జయాపజయాలను పాచికలు తేలుస్తాయి. మన యువతీయువకులు కూడ దీనిని ఆడుచున్నారు. కనుక ఇందులో ఒక అంశాన్ని, కథను విమర్శించినట్లే, విమర్శించవలసి ఉన్నది. అది పచ్చబొట్టుతో మంత్రం వేయటం.

2020లో వెలువడిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే నియమాల గ్రంథంలో ఈ విద్య కలదు. మాయసూదిని చర్మానికి ఆనిస్తే, అది సిరాగా మారి బొట్టవుతుంది. ఒక బొట్టు కవచం వలె కాపాడుతుంది. స్పెల్‌రాట్ అనే రకంలో ఒక్క మంత్రం దాగి ఉంటుంది. ప్రయోగించిన మంత్రం ముగియగానే బొట్టు మాయమవుతుంది. ఎంత అరుదైనదైతే అంత ఎక్కువ ఒంటిని కప్పుతుంది.

ఊహ మంచిదే. మంత్రగాడి పుస్తకాన్ని దొంగిలించవచ్చు, మంత్రదండాన్ని లాగుకొనవచ్చు. ఒంటి మీది బొట్టును లాగుకొనలేరు. సర్వం పోయినవాడికి కూడ అది మిగులుతుంది. కాని వాడగానే చెరిగిపోయేది పచ్చబొట్టు ఎట్లా అవుతుంది? అది చిల్లర డబ్బు వంటిది.

తెలుగుదేశంలో ఎరుకల స్త్రీలు సూదులతో పొడిచిన బొట్టుకు నొప్పి ఉన్నది, పొడిచిన చేయి ఉన్నది, పొడిపించుకొన్న కారణం ఉన్నది. పోయేనాడు నగలు వెంట రావు, పచ్చబొట్టే వస్తుందని పెద్దల నమ్మకం. చెరగకపోవటమే దాని శక్తి.

1860 నుండి 1911 వరకు నాటాలుకు ఒప్పందపు కూలీలుగా వచ్చిన మన పూర్వీకుల ఓడ పట్టీలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరుతో పాటు ఒంటి మీది గుర్తులు కూడ వ్రాశారు. ఆ గుర్తు ఎట్లా వచ్చింది, దాని వెనుక ఎవరున్నారు అనే గడి మాత్రం లేదు. నియమాల గ్రంథంలోని లోపం కూడ ఇదే. బొట్టు కొలత ఉన్నది, ప్రయోజనం ఉన్నది; పొడిచిన మనిషి లేడు.

ఇదే ఆటలోని ఒక లోకాన్ని ఆధారం చేసికొని 1999లో వచ్చిన ప్లేన్‌స్కేప్: టార్మెంట్ అనే కంప్యూటరు ఆట ఈ విషయంలో మేలు. పేరు లేని నాయకుడు శవాగారంలో కన్ను తెరుస్తాడు. అతనికి గతం గుర్తు లేదు. వెనుక తానే వ్రాయించుకొన్న మాటలు వీపు మీద ఉన్నవి. వాటిని తాను చూడలేడు, పక్కవాడు చదివి చెప్పాలి. ఆ బొట్లు మంత్రాలు కావు. అయినా అవి లేనిదే కథ కదలదు. జ్ఞాపకం పోయినవాడికి చర్మమే గ్రంథమైంది.

ఈ ఆట ఆడే మన పిల్లలకు నాదొక సూచన. మీ కథలో బొట్టును చెరగనీయవద్దు. ఒకసారి నిండిన చోటు మళ్లీ ఖాళీ కారాదు. ఎవరు పొడిచారో, ప్రతిగా ఏమి అడిగారో చెప్పనిదే మంత్రం పనిచేయరాదు. అప్పుడు ఏ మంత్రం ఒంటిమీద మోయదగినదో మీ వీరుడు ఆలోచిస్తాడు. ఆ ఆలోచన ఉన్నచోటనే ఆట కథ అవుతుంది.