దేనికదే వేగాలి, అన్నీ కలవాలి: బొల్లారం క్రిస్మస్ పళ్లెం

సికింద్రాబాద్‌కు ఉత్తరాన, కంటోన్మెంటు అంచున ఉన్న బొల్లారంలో డిసెంబరు వచ్చిందంటే క్రైస్తవుల ఇళ్ల ముంగిట నక్షత్రాలు వెలగడంతో పాటు వంటింటి పొయ్యిల మీదికి నూనె కడాయిలు కూడా ఎక్కుతాయి. పండుగకు ముందుగానే సంఘాలు, కార్యాలయాలు, కాలనీలు జరుపుకొనే 'సెమీ క్రిస్మస్' కూడికలకు, రాత్రివేళ ఇంటింటికీ వచ్చి పాటలు పాడే క్యారల్స్ బృందాలకు, పండుగనాడు ఇరుగుపొరుగుకు పంపే పళ్లాలకు కావలసిన తినుబండారాలన్నీ ఈ నెలలోనే తయారవుతాయి. గులాబీ పువ్వులు, గవ్వలు లేదా కల్‌కల్‌లు, మైదాతో కోసిన డైమండ్ బిళ్లలు, మురుకులు, వాటి నడుమ గుప్పెడు మిక్చర్, ఒక పక్కన కేకు ముక్క ఉండే ఈ పళ్లెంలో దండు చరిత్ర, తెలుగువారి పిండివంటల అనుభవం, ఆహారాన్ని నిల్వ ఉంచే నేర్పు ఒకచోట చేరాయి. ఆ నేర్పుకు మూలసూత్రం ఒక్కటే: పళ్లెంలో కలవవలసిన ప్రతి పదార్థమూ తనకు తగిన వేడిలో విడిగా వేగి, పూర్తిగా చల్లారిన తరువాతే మిగిలినవాటితో చేరాలి.

లష్కర్ నేపథ్యం

నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ 1798లో కుదిరిన సైనిక ఒప్పందం కారణంగా హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ సేనలు విడిది చేయగా, ఆ విడిదికి 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాద్ అన్న పేరు వచ్చింది. జనవ్యవహారంలో మాత్రం దండు అనే అర్థంలో అది లష్కర్‌గా నిలిచిపోయింది. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల ఆధ్వర్యంలో నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ సేనకు బొల్లారం ముఖ్య స్థావరమైంది. ఇక్కడి హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. 1983 నవంబరు 20న, తన వివాహ వార్షికోత్సవం నాడు, రెండవ ఎలిజబెత్ రాణి ఈ చర్చిలో ఆరాధనకు హాజరయ్యారు. 1860లో కట్టి బ్రిటిష్ రెసిడెంటు విడిదిగా వాడిన భవనం, హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత రాష్ట్రపతి నిలయంగా మారి, సుమారు 90 ఎకరాల తోటల మధ్య నేటికీ రాష్ట్రపతుల దక్షిణాది విడిదిగా ఉంది.

దండుతో పాటు మనుషులు, మనుషులతో పాటు వంటలు వచ్చాయి. కంపెనీ సేన మద్రాసు సైన్యంలో భాగం కావడం వల్ల తమిళులు, సైన్యంలోనూ తరువాత రైల్వేలలోనూ పనిచేసిన ఆంగ్లో ఇండియన్లు, గోవా నుంచి వచ్చినవారు, చుట్టుపక్కల ఊళ్ల తెలుగువారు కంటోన్మెంటు బజార్లలో ఇరుగుపొరుగుగా బతికారు. ఐరోపావారి క్రిస్మస్‌కు ప్రధానమైన కేకులు, బిస్కెట్లు కాల్చడానికి ఓవెన్ కావాలి. అది సాధారణ కుటుంబాలకు అందుబాటులో లేనందున కేకు బేకరీ నుంచి వచ్చేది, లేదా ఇంట్లో కలిపిన పిండి బేకరీ పొయ్యిలో కాలేది. ఇంటి పొయ్యి మీద, ఇంటిల్లిపాదీ చేతులతో చేయగలిగినది కడాయిలో వేయించే వంట. అందుకే భారతదేశపు క్రైస్తవుల పండుగ తీపి చాలావరకు నూనెలో వేగిన తీపే అయింది. గోవా, మంగళూరు ప్రాంతాల కొంకణి కేథలిక్కులు ఇటువంటి తినుబండారాల సముదాయాన్ని 'కుస్వార్' అని పిలుస్తారు. సంక్రాంతికి అరిసెలు, జంతికలు, సకినాలు చేయడంలో ఆరితేరిన తెలుగు ఇళ్లకు ఈ పద్ధతి కొత్తది కాదు కనుక, నెల ముందు వచ్చే పండుగకు అదే కడాయి, అదే గొట్టం, అదే చేతివాటం ఉపయోగపడ్డాయి.

గుల్లదనం ఎలా వస్తుంది

ఈ వంటలన్నింటికీ ఉండవలసిన మొదటి గుణాన్ని తెలుగులో 'గుల్ల' అంటారు. అంటే పంటికింద కరకరలాడుతూ, గట్టిగా అడ్డుపడకుండా విరిగే గుణం. మైదాకు నీరు తగిలి మర్దన జరిగినప్పుడు అందులోని మాంసకృత్తులు కలిసి గ్లూటెన్ అనే సాగే వలను ఏర్పరుస్తాయి. ఆ వల బలపడితే బిళ్ల గట్టిపడుతుంది. నీరు పోయడానికి ముందే కాచిన నూనె గాని, కరిగించిన నెయ్యి గాని పిండికి పట్టిస్తే, పిండి రేణువుల చుట్టూ కొవ్వు పొర ఏర్పడి ఆ వల పొడవుగా అల్లుకోకుండా అడ్డుకుంటుంది. పిడికిలిలో పట్టి నొక్కినప్పుడు పిండి ముద్దగా నిలిచి, వేలితో తాకగానే విడిపోతే కొవ్వు సరిపోయినట్టు లెక్క. కొవ్వు తక్కువైతే వంట రాయిలా తయారవుతుంది. ఎక్కువైతే నూనెలో పడగానే విచ్చిపోతుంది.

రెండవది వేగడం పూర్తయిందో లేదో గుర్తించడం. పిండి నూనెలో పడగానే లేచే నురగ, అందులోని నీరు ఆవిరై బయటికి వస్తున్నదనడానికి గుర్తు. ఆ నురగ అణగి, నూనె నిశ్శబ్దమైనప్పుడే లోపలి తడి పోయిందని అర్థం. రంగును మాత్రమే నమ్మి పెద్దమంట మీద వేయించిన గవ్వ పైకి ఎర్రగా కనిపించినా, లోపల మిగిలిన తడి మర్నాటికి పైకి వచ్చి దానిని మెత్తబరుస్తుంది. అందువల్ల మందంగా ఉండే గవ్వలు, డైమండ్ బిళ్లలు సన్నని సెగ మీద నిదానంగా, పలుచని కారప్పూస, బూంది మధ్యస్థపు సెగ మీద త్వరగా వేగాలి.

గులాబీ పువ్వులు, గవ్వలు

పళ్లెంలో మొదట కంటికి కనిపించేది గులాబీ పువ్వు. పొడవైన కాడకు బిగించిన ఇనుప లేదా ఇత్తడి అచ్చును జారుపిండిలో ముంచి నూనెలో వేయించే ఈ పద్ధతి స్వీడన్‌లోనూ, ఇరాన్‌లోనూ ఉంది. కేరళలో ఇదే అచ్చప్పం, శ్రీలంకలో కోకిస్. బియ్యప్పిండి, మైదా సమపాళ్లలో తీసుకుని, పంచదార పొడి, కోడిగుడ్డు లేదా కొబ్బరిపాలు, కొద్దిగా నువ్వులు చేర్చి, దోసెపిండి కంటే కాస్త పలుచగా కలుపుతారు. బియ్యప్పిండి కరకరలాడే గుణాన్ని, మైదా, గుడ్డు విరగకుండా పట్టి ఉంచే గుణాన్ని ఇస్తాయి.

ఇందులో నైపుణ్యమంతా అచ్చు వేడిలో ఉంది. అచ్చు నూనెలో బాగా కాగి ఉంటే పిండిలో ముంచగానే చుయ్‌మని శబ్దం వచ్చి, పలుచని పొర దానికి అంటుకుంటుంది. చల్లగా ఉంటే పిండి పట్టదు, మరీ కాలితే పట్టిన పిండి అక్కడే ఉడికి జారిపోతుంది. అచ్చును ముప్పాతిక వంతే ముంచాలి. పై అంచు మీదికి పిండి ఎక్కితే పువ్వు అచ్చును కరుచుకుని విడిపోదు. కొత్త అచ్చును ఒకటి రెండు రోజులు నూనెలో నానబెట్టి, మొదటి కొన్ని పువ్వులు పాడైనా సరేనని వేయించి, అచ్చును అలవాటు చేయడం తప్పనిసరి. ఇలా అలవాటైన పాత అచ్చు సబ్బుతో తోమకుండా, నూనెగుడ్డతో తుడిచి దాచుకోవలసిన వస్తువు.

గవ్వ, కల్‌కల్ అక్కాచెల్లెళ్ల వంటివి. రెండింటికీ చిన్న పిండి ఉండను గవ్వల చెక్క మీదగాని, శుభ్రమైన కొత్త దువ్వెన మీదగాని, ఫోర్కు వెనుకవైపుగాని బొటనవేలితో నొక్కి చుట్టడమే పని. తెలుగు గవ్వ పిండిలో తీపి ఉండదు. వేగిన తరువాత బెల్లం లేదా పంచదార పాకం పట్టిస్తారు. గోవా సంప్రదాయం నుంచి వచ్చిన కల్‌కల్ పిండిలోనే పంచదార, కొబ్బరిపాలు, కొన్ని ఇళ్లలో గుడ్డు కలుస్తాయి. పైన పంచదార పొడి చల్లితే సరిపోతుంది. పిండిలో తీపి ఉన్నది త్వరగా మాడుతుంది కనుక కల్‌కల్‌కు సెగ ఇంకా తక్కువ ఉండాలి. గీతల వల్ల అందం రావడమే కాక, వేడి నూనె తగిలే వైశాల్యం పెరిగి లోపలిదాకా వేగుతుంది. పాకం కూడా ఆ గీతలలోనే నిలుస్తుంది.

మిక్చర్‌లో చేరవలసిన గవ్వలకు బెల్లం పాకం తగదు, ఎందుకంటే బెల్లం గాలిలోని తేమను పీల్చి జిగురెక్కుతుంది. వాటికి పంచదారను తీగ పాకం దాటి ఉండ పాకానికి, అంటే చల్లని నీళ్లలో వేసిన చుక్క వేళ్ల మధ్య ఉండగా నిలిచే దశకు తెచ్చి, పొయ్యి దింపి, గవ్వలు వేసి ఆపకుండా కలుపుతారు. పాకం చల్లారుతూ కలియబెట్టిన కొద్దీ పంచదార మళ్లీ పలుకు కట్టి తెల్లగా, పొడిగా పూతలా పేరుకుంటుంది. చేతికి అంటుకోని ఈ పూత ఉన్నప్పుడే తీపి వస్తువు కారం వస్తువు పక్కన సుఖంగా ఉండగలుగుతుంది.

మిక్చర్ కూర్పు

మిక్చర్‌కు ఆధారం బూంది, కారప్పూస. బూందికి సెనగపిండిలో కొద్దిగా బియ్యప్పిండి కలిపి, చిల్లుల గరిటె మీద పోస్తే ధారగా కాక చుక్కలుగా రాలేంత చిక్కదనం ఉండాలి. పిండి చిక్కనైతే చుక్కలకు తోకలు వస్తాయి, పలుచనైతే అవి బిళ్లలుగా పరుచుకుంటాయి. ప్రతి వాయికీ గరిటె వెనుకభాగం తుడవకపోతే అక్కడ పేరుకున్న పిండి తరువాతి చుక్కల ఆకారాన్ని చెడగొడుతుంది. కారప్పూసకు రెండు పాళ్ల సెనగపిండికి ఒక పాలు బియ్యప్పిండి, ఉప్పు, కారం, కాచిన నూనె చేర్చి, వామును నేరుగా కాక నూరి వడగట్టిన నీటిగా కలపడం మేలు, లేకపోతే వాము గింజలు గొట్టం బిళ్లలోని సన్నని చిల్లులకు అడ్డుపడతాయి.

ఆ తరువాత పల్లీలు, పుట్నాలు, జీడిపప్పు, మక్కటుకులు లేదా పలుచని అటుకులు, కరివేపాకు వేగుతాయి. పల్లీలకు నిదానమైన సెగ, కొన్ని నిమిషాల వ్యవధి అవసరం. పుట్నాలు అప్పటికే వేయించినవి కనుక వెచ్చబడితే చాలు. మక్కటుకులు బాగా కాగిన నూనెలో పడి క్షణాలలో పొంగాలి, నూనె చల్లబడితే అవి పొంగక నూనె పీల్చుకుంటాయి. కడిగిన కరివేపాకును గుడ్డ మీద పూర్తిగా ఆరనిచ్చి చివర వేయిస్తారు. ఉప్పు, కారం, చిటికెడు పంచదార పొడిని వేగినవి ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే చల్లాలి. పైన ఉన్న నూనె తడి వాటిని పట్టుకుంటుంది, చల్లారిన వాటి మీద చల్లితే పొడి అంతా డబ్బా అడుగుకు చేరుతుంది.

అన్నింటికంటే జాగ్రత్త అవసరమైనది కలిపే ఘట్టం. మూసిన డబ్బాలో తడి, అది ఎక్కువున్న పదార్థం నుంచి తక్కువున్న దానికి ప్రయాణిస్తూనే ఉంటుంది. కిస్‌మిస్‌లో సుమారు 15 శాతం నీరు ఉంటుంది. బాగా వేగిన కారప్పూసలో తడి అతి స్వల్పం. రెండింటినీ ఒకే డబ్బాలో ఉంచితే కొద్దిరోజులలో కిస్‌మిస్ గట్టిపడి, కారప్పూస మెత్తబడి, రెండూ తమ గుణాన్ని కోల్పోతాయి. అనుభవం గలవారు కిస్‌మిస్‌ను పళ్లెంలో పెట్టే ముందు మాత్రమే కలపడానికి కారణం ఇదే. వేడి తగ్గని వంటను డబ్బాలో మూసినా ఆవిరి మూత కింద నీటి చుక్కలై మొత్తాన్ని పాడుచేస్తుంది కనుక, వెడల్పాటి పళ్లాలలో కాగితం పరిచి, ప్రతిదీ పూర్తిగా చల్లారాక గాలి చొరని స్టీలు డబ్బాలలో విడివిడిగా నింపుతారు. తాజా వేరుసెనగ నూనెలో వేగి, వెలుగు తగలని చోట ఉన్న మిక్చర్ రెండు వారాల పాటు నిలుస్తుంది. పదేపదే కాచిన నూనె వాడితే పండుగ రాకముందే పాతనూనె వాసన వేస్తుంది. వానలు వెనుదిరిగి, చలిగాలి పొడిగా వీచే డిసెంబరు ఈ పనికి అనువైన కాలం.

పళ్లెం విలువ

ఈ సంప్రదాయం విలువను రుచితో మాత్రమే కొలవడం చాలదు. గవ్వలు చుట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కిలో పిండి వందలాది గవ్వలవుతుంది కనుక పెద్దలు పిండి కలిపి, పిల్లలు గవ్వలు చుట్టి, ఒకరు కడాయి దగ్గర నిలిచి చేసే సామూహిక శ్రమ అది. ఆ శ్రమలోనే పిండి పట్టు, పాకం దశ, నూనె శబ్దం అనే, పుస్తకంలో పూర్తిగా రాయలేని కొలతలు ఒక తరం చేతి నుంచి మరో తరం చేతికి చేరుతాయి. పండుగనాడు ఆ పళ్లెం మతభేదం లేకుండా పక్కింటికి వెళుతుంది. వచ్చిన పాత్రను ఖాళీగా తిప్పి పంపకూడదన్న తెలుగింటి మర్యాద వల్ల సంక్రాంతికి అరిసెలతోనో సకినాలతోనో, రంజానుకు సేమియాతోనో ఆ పళ్లెం తిరిగి వస్తుంది.

నేడు ఇవన్నీ దుకాణంలో పొట్లాలుగా దొరుకుతున్నాయి, తీరిక తగ్గిన కుటుంబాలకు అవి ఆసరా అవుతున్నాయి. అయినా ఏ పదార్థం ఏ నూనెలో వేగిందో, ఎప్పుడు వేగిందో తెలిసి ఇతరులకు పెట్టగలగడం ఇంటి వంటకే సాధ్యం. అన్నీ చేయలేనివారు ఈ డిసెంబరులో ఒక్క గవ్వలైనా ఇంటిల్లిపాది కూర్చుని చుట్టి, ఇంట్లోని పెద్దల చేతి కొలతలను ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. అమ్మమ్మ, నాయనమ్మల అచ్చులు లోహపువి కనుక ఎన్ని తరాలైనా నిలుస్తాయి. వాటిని ఎంత వేడిలో, ఎంతవరకు ముంచాలో తెలిసిన చేతులను మాత్రం ప్రతి తరమూ తయారుచేసుకోవలసిందే.