పోలీసుల కథనం ప్రకారం

విలేకరిగా చేరిన వాళ్లకు ముందుగా చేతికి అలవాటయ్యే మాట ‘పోలీసుల కథనం ప్రకారం’. పొద్దున్నే స్టేషన్‌కు ఫోన్ చేయడం, రైటర్‌ను పలకరించడం, ఎఫ్‌ఐఆర్‌లో ఏముందో అడిగి రాసుకోవడం, సాయంత్రంలోగా కాపీని డెస్క్‌కు చేర్చడం. క్రైమ్ వార్త ఇలాగే పుడుతుంది. ఈ పద్ధతి మీద నాకు చిన్నచూపు లేదు. జిల్లా డెస్క్‌లో కూర్చుని అలాంటి వార్తలు దిద్దుతూనే రాయడం నేర్చుకున్నాను. ఆధారం లేనిదే అక్షరం రాయకూడదన్న నియమం ఆ మాటలో ఉంది. కానీ ఆధారం ఇచ్చేవాళ్లే అన్యాయం చేసినవాళ్లయితే ఏం చేయాలి? జర్నలిజం చదివే పిల్లలకు క్లాసు చెప్పమని ఎవరైనా పిలిస్తే నేను భోపాల్‌తో మొదలుపెడతాను.

1987 డిసెంబరులో మధ్యప్రదేశ్ సాయుధ పోలీసు దళంలోని ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు గుడికి వెళ్లి గాంధర్వ వివాహం చేసుకున్నారు. వాళ్ల పేర్లు లీల, ఊర్మిళ. ఇద్దరిదీ భోపాల్‌లోని ఒకే బెటాలియన్. మన ఏపీఎస్పీ బెటాలియన్లలాంటిదే అది. పరేడ్, రోల్ కాల్, మెస్, బ్యారక్స్, పై అధికారి ముందు అటెన్షన్‌లో నిలబడటం, ఇవన్నీ ఉంటాయి. పెళ్లి సంగతి అధికారుల దాకా వెళ్లింది. ఆ తర్వాత జరిగినదాన్ని 1988 తొలి నెలల్లో దేశమంతా పత్రికలు రాశాయి. ఇద్దరినీ విడిగా నిర్బంధించారనీ, రెండు రోజుల పాటు తిండి పెట్టలేదనీ, కాగితాల మీద సంతకాలు చేయించుకున్నారనీ, ఉద్యోగం నుంచి తీసేసి రాత్రివేళ రైల్వే స్టేషన్‌లో దించేశారనీ ఆ వార్తల సారాంశం.

ఆ రోజుల్లో ఒక ఆడమనిషికి కానిస్టేబుల్ ఉద్యోగం అంటే ఏమిటో పిల్లలకు విడమరిచి చెప్పాల్సి వస్తుంది. నెలనెలా వచ్చే జీతం ఒక్కటే కాదు. పుట్టింటివాళ్లు పెళ్లి ఎప్పుడని నిలదీయకుండా, అత్తింటి గడప తొక్కకుండా, ఇద్దరు ఆడవాళ్లు ఒకచోట ఉండటానికి సమాజం ఏ అనుమానమూ లేకుండా అనుమతించిన చోట్లు అప్పట్లో చాలా తక్కువ. నర్సుల హాస్టల్, టీచర్ల క్వార్టర్లు, పోలీసు బ్యారక్స్. ఉద్యోగం తీసేయడమంటే ఆ ఇద్దరూ కలిసి ఉండగలిగిన చోటును కూడా లాగేసుకోవడమే. కొట్టడం కన్నా, తిట్టడం కన్నా పెద్ద శిక్ష అది. అధికారులకు అది తెలియదని నేను అనుకోను.

ఈ కేసులో చట్టం ఎక్కడుందో చూడండి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ఉండేది. ‘ప్రకృతి విరుద్ధమైన’ లైంగిక సంపర్కం నేరమని ఆ సెక్షన్ చెప్పింది. ఆ సెక్షన్ రాసిన తీరే మగవాళ్లను దృష్టిలో పెట్టుకున్న తీరు. ఇద్దరు ఆడవాళ్ల మీద దాన్ని మోపడం కష్టం. వాళ్లు చేసుకున్న పెళ్లికి చట్టంలో గుర్తింపు లేదు, అలాగని శిక్షా లేదు. నేరమే లేనిచోట శిక్ష వేయాలంటే సర్వీసు నిబంధనలు ఉండనే ఉన్నాయి. సెలవు పెట్టకుండా డ్యూటీకి రాలేదన్నది అధికారులు చూపించిన కారణం. పోలీసుల కథనం ప్రకారం రాసి ఉంటే ఆ వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లు: విధులకు గైర్హాజరైన ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ల తొలగింపు. అందులో ఒక్క అబద్ధమూ ఉండేది కాదు. వార్తల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేవి ఇలాంటి వాక్యాలే. తప్పు పట్టుకోవడానికి వీల్లేకుండా నిజాన్ని మింగేసే వాక్యాలు.

అలా జరగకపోవడానికి కారణం ఉంది. కొందరు విలేకరులు కమాండెంట్ ఆఫీసు దగ్గరే ఆగిపోలేదు. ఆ ఇద్దరి ఇంటికి వెళ్లారు. ఇరుగుపొరుగును అడిగారు. అక్కడ వాళ్లకు దొరికిన మనుషులు వేరు. ఆ ఇద్దరినీ ఎరిగిన ఒక బడి పంతులమ్మ అన్న మాట ఆ వార్తలతో పాటు నిలిచిపోయింది. పెళ్లంటే రెండు ఆత్మలు ఒక్కటి కావడమే కదా, అది ఆడా మగా మధ్యే జరగాలని ఏ శాస్త్రంలో ఉందని ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది. 1988లో, ఏ ఉద్యమ కరపత్రమూ చదవకుండా, ఏ పాశ్చాత్య సిద్ధాంతమూ వినకుండా ఒక టీచరమ్మ ఈ మాట అంది. ‘ఇదంతా విదేశాల నుంచి వచ్చిన జబ్బు’ అని ఈనాటికీ టీవీ చర్చల్లో గొంతు చించుకునేవాళ్లను చూసినప్పుడు నాకు ఆవిడే గుర్తుకొస్తుంది. వాదనకు పనికొచ్చే మాట అని కాదు. పక్కింటి మనిషిని మనిషిగా చూసినవాళ్లకు తప్ప అంత తేలిగ్గా ఆ మాట నోటికి రాదు.

విలేకరి చేయాల్సిన పని కూడా అదే. మూడో గొంతును వెతకడం. ఫిర్యాదు చేసినవాళ్లూ, నిందపడ్డవాళ్లూ కాకుండా, ఆ మనుషులను రోజూ చూసిన గొంతు. పాలు పోసేవాళ్లు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్లు, పక్క వాటాలో ఉండేవాళ్లు. నిషేధించిన ప్రేమ విషయంలో ఈ మూడో గొంతు మరీ అవసరం. ఎందుకంటే ప్రేమించినవాళ్లు భయంతో మాట్లాడరు, నిషేధించినవాళ్లు రికార్డు రాస్తారు. రికార్డు మాత్రమే మిగిలితే ఆ ప్రేమ ఒక క్రమశిక్షణ కేసుగా మిగిలిపోతుంది.

మన పత్రికల్లో ఇలాంటి రికార్డులు ఎన్ని పోగుపడ్డాయో. ‘కడుపునొప్పి తాళలేక యువతి ఆత్మహత్య’ అన్న వార్త చదవని తెలుగు పాఠకుడు లేడు. పంచనామాలో ఏది ఉంటే పేపర్లో అదే వస్తుంది. ఆ కడుపునొప్పుల వెనక వరకట్నం వేధింపులున్నాయని మహిళా సంఘాలు ఏళ్ల తరబడి పోరాడి బయటపెట్టాయి. ఇద్దరు స్నేహితురాళ్లు చున్నీతో నడుములు కట్టుకుని బావిలో దూకినప్పుడు, ‘పరీక్షల భయంతో’ అనో ‘మనస్తాపంతో’ అనో రాసి ఊరుకున్నప్పుడు మాత్రం అంత పోరాటం జరగలేదు. కేరళలో సహయాత్రిక అనే బృందం ఆ పని మొదలుపెట్టింది. ఇద్దరేసి ఆడపిల్లలు కలిసి చనిపోయిన పాత పత్రికా వార్తలను పోగుచేసి, ఆ ఊళ్లకు వెళ్లి, బతికున్నవాళ్లతో మాట్లాడింది. మూడు వాక్యాల వార్తల వెనక ప్రేమ ఉందనీ, ఇంట్లోవాళ్లు విడదీసే ప్రయత్నాలు ఉన్నాయనీ తేల్చింది. వార్త రాసినవాడు చేయాల్సిన పనిని ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి చేయాల్సి వచ్చింది.

పోలీసు తన కథను తానే చెప్పుకున్న సందర్భం ఒకటి నాకు తెలుసు. లండన్‌లో హ్యారీ డేలీ అనే కానిస్టేబుల్ ఉండేవాడు. 1925లో మెట్రోపాలిటన్ పోలీసులో చేరి 1950లో రిటైరయ్యాడు. ఆ పాతికేళ్లూ బ్రిటన్‌లో మగవాళ్ల మధ్య ప్రేమ జైలుకు పంపే నేరమే. ఆ చట్టం 1967లో గానీ సడలలేదు, అదీ ఇంగ్లండ్, వేల్స్ వరకే. నేరస్థులుగా ఎవరిని పట్టుకోవాలని చట్టం చెప్పిందో వాళ్లలో తానూ ఒకడినని తెలిసి కూడా డేలీ యూనిఫాం వేసుకుని హామర్‌స్మిత్‌లో డ్యూటీ చేశాడు. దాన్ని పెద్దగా దాచుకున్నవాడూ కాదు. ‘ఎ పాసేజ్ టు ఇండియా’ రాసిన ఇ. ఎం. ఫార్‌స్టర్ కొంతకాలం అతనికి ప్రేమికుడు. డేలీ నోటికి అదుపు లేదని, తన పేరు బయటికి పొక్కుతుందని ఫార్‌స్టర్ భయపడేవాడు. ఆ డేలీ ద్వారానే ఫార్‌స్టర్‌కు 1930లో బాబ్ బకింగ్‌హాం పరిచయమయ్యాడు. ఆయనా పోలీసే. బాబ్ తర్వాత పెళ్లి చేసుకున్నా ఆ బంధం నాలుగు దశాబ్దాలు సాగింది. 1970లో ఫార్‌స్టర్ కన్నుమూసింది బాబ్, ఆయన భార్య మే ఉంటున్న ఇంట్లోనే.

ఫార్‌స్టర్ ఇద్దరు మగవాళ్ల ప్రేమ మీద ‘మారిస్’ అనే నవల 1914 నాటికే రాసి సొరుగులో పెట్టుకున్నాడు. అది అచ్చయింది ఆయన పోయాక, 1971లో. డేలీ కూడా తన ఆత్మకథ రాసుకున్నాడు. ఆయన పోయింది ఆ 1971లోనే, పుస్తకం వచ్చింది 1986లో. బతికుండగా దాచుకోని మనిషి రాత కూడా చావు తర్వాతే అచ్చు చూసింది. పెద్ద రచయిత, మామూలు కానిస్టేబుల్ ఇద్దరూ ఒకే భయం కింద రాశారు. అయినా నాకు డేలీ పుస్తకం మీదే గౌరవం ఎక్కువ. బీట్ తిరిగిన మనిషి, స్టేషన్ లోపలి సంగతులన్నీ తెలిసిన మనిషి, తన గురించి తానే రాసుకున్నాడు కాబట్టి. లీల, ఊర్మిళల సర్వీసు ఫైలు పక్కన పెట్టడానికి అలాంటి పుస్తకం ఒకటి మనకుంటే ఎంత బాగుండేది!

భోపాల్ ఉదంతం పత్రికలతోనే ముగిసిపోలేదు. ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే ఢిల్లీ బృందం 1991లో ‘లెస్ దాన్ గే’ అనే నివేదిక తెచ్చింది. మన దేశంలో స్వలింగ ప్రేమికుల బతుకుల మీద వచ్చిన తొలి పౌర నివేదికల్లో అది ముఖ్యమైనది. 1992 ఆగస్టు 11న ఆ బృందమే ఢిల్లీ పోలీసు హెడ్‌క్వార్టర్స్ ముందు ధర్నా చేసింది. కన్నాట్ ప్లేస్ పార్కులో మగవాళ్లను స్వలింగ సంపర్కులన్న అనుమానంతో పోలీసులు పట్టుకెళ్లారు, దానికి నిరసనగా. మన దేశంలో ఈ హక్కుల కోసం జరిగిన మొదటి వీధి నిరసనగా చాలామంది దాన్నే చెబుతారు. అది జరిగింది పోలీసు గేటు ముందు. 1994లో వాళ్లే 377 మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఆ తర్వాతి కథ పాఠకులకు తెలుసు: 2009లో ఆశ, 2013లో దెబ్బ, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు. నేరం అన్న మాట పోయింది. 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

పెళ్లి మాత్రం దొరకలేదు. 2021 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో ఇద్దరు యువకులు పెద్దల మధ్య వేడుక చేసుకుంటే పత్రికలన్నీ నవ్వుతున్న ఫోటోలతో రాశాయి. ఆ రోజు పేజీలు చూసి నా వృత్తి మీద నాకు నమ్మకం కలిగింది. సరిగ్గా 34 ఏళ్ల కిందటి డిసెంబరులో జరిగిన పెళ్లికి దక్కనిది ఈ వేడుకకు దక్కింది. తమ పెళ్లిని చట్టం గుర్తించాలని ఆ హైదరాబాద్ జంటే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కాదంది. ఈ తీర్పు నాకు బాధ కలిగించింది. కలిసి బతికినంత కాలం బతికి, ఆస్పత్రిలో సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు ‘మీరెవరు?’ అని అడిగించుకోవడం ఏ మనిషికీ రాకూడదు.

పోలీసు శాఖ లోపల మార్పు మెల్లగా వస్తోంది. తమిళనాడు 2022లో పోలీసుల ప్రవర్తనా నియమావళిని సవరించింది. స్వలింగ ప్రేమికులను, ట్రాన్స్‌జెండర్లను వేధించకూడదని అందులో రాసింది. ఇంట్లోంచి వచ్చేసిన ఇద్దరు యువతుల కేసులో మద్రాసు హైకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశాలు దానికి మూలం. అంతకుముందు ఏ నియమావళి చేతపట్టుకుని ఒక దళం ఇద్దరు ఆడవాళ్లను బయటికి పంపిందో, అలాంటి నియమావళిలోనే ఇప్పుడు ఈ వాక్యం వచ్చి చేరింది. హైదరాబాద్‌లో 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. అదే యూనిఫాం లోపల, బ్యారక్స్‌లో పక్కపక్క మంచాల మీద పడుకునే ఇద్దరు కానిస్టేబుళ్లు ప్రేమించుకుంటే ఇవాళ కూడా పై అధికారికి చెప్పగలరా? చెప్పలేరనే నా అంచనా. 2022లో వచ్చిన హిందీ సినిమా ‘బధాయి దో’లో పోలీసు హీరో పైకి ఒక అమ్మాయిని పెళ్లి చేసుకుని, ఉద్యోగం పోతుందేమో, ఇంట్లో తెలిసిపోతుందేమో అని నలిగిపోతాడు. అప్పటికి చట్టం మారిపోయింది. భయం మారలేదు.

క్లాసులో పిల్లలు ప్రతిసారీ పేర్ల గురించి అడుగుతారు. లీల, ఊర్మిళల పేర్లు ఇంకా ఎందుకు రాస్తున్నారు, వాళ్లను వదిలేయొచ్చు కదా అని. మంచి ప్రశ్న. పత్రికల్లో పేరు రావడం వల్ల వాళ్లు పడ్డ కష్టం చిన్నదేమీ కాదు. కానీ ఆ పేర్లు చూసే, తమలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని దేశంలో ఎందరో అమ్మాయిలకు ధైర్యం వచ్చింది. పైగా వాళ్లు దొంగచాటుగా ఏమీ చేయలేదు. గుడికి వెళ్లి దేవుడి ఎదుట పెళ్లి చేసుకున్నారు. అందుకే వాళ్ల పేర్లు రాస్తాను, అదీ ఇంటిపేర్లు లేకుండా. అలా బయటపడనివాళ్ల విషయంలో నా నియమం వేరు. పేరు వద్దు, ఊరు వద్దు, కాలేజీ వద్దు, వీధి అసలే వద్దు. స్టేషన్ నుంచి వచ్చిన ప్రెస్ నోట్‌లో అవన్నీ ఉంటాయి. వాటిని కొట్టేయండి, ఆ తర్వాత ఆ ఊరు వెళ్లి పక్కింటివాళ్లతో మాట్లాడి రండి అని చెబుతాను. డెడ్‌లైన్ దాటిపోతుందని వాళ్లు భయపడతారు. ఆ వార్త రేపు వేసుకుందాం అంటాను.