చెయ్యి పడని యాంప్లిఫయర్

డైనాకో స్టీరియో 70 ఒకటి ఈ వారం అమ్మకానికి కనిపించింది. ‘కొన్నప్పటి నుంచి చెయ్యి పడలేదు, అన్నీ ఒరిజినల్ పార్టులే’ అని ప్రకటన. ధర కూడా ఆ మాటకు తగ్గట్టే పెట్టారు. వాల్వు సామాను మీద ఈ కాలమ్‌కు ఉన్న మమకారం పాత పాఠకులకు తెలిసిందే. అయినా ఆ ప్రకటన చూస్తే ఒళ్లు మండింది.

అసలా యాంప్ చాలావరకు తయారైందే ఇళ్లలో. 1959లో ఫిలడెల్ఫియాలో డేవిడ్ హాఫ్లర్ కంపెనీ దాన్ని కిట్టుగా కూడా అమ్మింది. డ్రైవర్ బోర్డు ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చేవారు. మిగతాదంతా కొనుక్కున్నవాళ్లే వంటింటి బల్ల మీద పరుచుకుని, సోల్డరింగ్ చేసుకునేవారు. ఛానెల్‌కు రెండు ఇఎల్34 వాల్వులు, 35 వాట్లు. బయాస్ సర్దే పద్ధతి చూస్తే ఇంట్లో కూర్చుని చేసుకునేవాళ్లను ఎంతగా తలచుకున్నారో అర్థమవుతుంది. ముందు వైపున్న సాకెట్‌లో మీటరు పెట్టి 1.56 వోల్టులు చూపేదాకా తిప్పాలి. లోపలి 15.6 ఓమ్‌ల రెసిస్టర్ మీద అంత వోల్టేజీ ఉందంటే రెండు వాల్వుల్లో కలిపి 100 మిల్లీయాంపియర్లు పారుతున్నట్టు. కొత్త టార్చిలైటు సెల్లు ఇచ్చేదీ ఇంచుమించు అంతే కాబట్టి, మీటరు మీద అనుమానం వస్తే సెల్లు పెట్టి తేల్చుకోవచ్చు. ఎంత దయగల డిజైను!

అలాంటిదాన్ని ముట్టుకోకుండా ఉంచడం గౌరవం కాదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వాడకపోయినా ఎండిపోతాయి. బయాస్‌కు నెగటివ్ వోల్టేజీ ఇచ్చే సెలీనియం రెక్టిఫయర్ చచ్చిందంటే వాల్వుల ప్లేట్లు ఎర్రగా కాలి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దాకా నష్టం పాకుతుంది. దాని స్థానంలో చిన్న సిలికాన్ డయోడ్ వేసి, బయాస్ మళ్లీ సరిచూస్తే సరిపోతుంది. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరు సున్నా చూపాకే లోపల చెయ్యి పెట్టాలి.

అయితే అప్‌గ్రేడ్ పేరుతో జరిగేది వేరు. బాస్ పెరుగుతుందని ఫిల్టర్ కెపాసిటర్‌లోని మొదటి 30 మైక్రోఫారడ్ల సెక్షన్ బదులు ఎంతో పెద్దది తగిలిస్తారు. జిజెడ్34 రెక్టిఫయర్ వాల్వు ఓర్చుకునేది 60 దాకానే. అది దాటితే కరెంటు పోటుకు వాల్వు ఆయుష్షు తరుగుతుంది. డ్రైవర్ బోర్డులోని 7199 వాల్వులు దొరకడం కష్టమని ఆ బోర్డునే పీకేసి, వేరే వాల్వులతో నడిచే కొత్త బోర్డు పెట్టడం మామూలైంది. ఉన్న 7199లు బాగా పనిచేస్తుంటే ఆ తొందర ఎందుకు? లీకయ్యే కప్లింగ్ కెపాసిటర్లు మార్చి, కొన్నాళ్లు విని చూడాలి.

ఆ లెక్కన ప్రకటన ఇచ్చినాయన మాటలో సగం న్యాయముంది. పాత బోర్డు, అసలు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు చెక్కుచెదరకుండా ఉన్న స్టీరియో 70 దొరికితే కాస్త ఎక్కువ పెట్టి కొన్నా తప్పులేదు. బోర్డు మార్చక తప్పకపోతే పాతదాన్ని పారేయకుండా యాంప్‌తోపాటే దాచాలి. రేపు కొనుక్కునేవాళ్ల దగ్గర ఓ జత 7199లు ఉండొచ్చు.