ఎవరి వాకిట్లో అంగన్‌వాడీ?

మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లల చదువుని 2020 జాతీయ విద్యావిధానం 'పునాది దశ' అంది. 2030 నాటికి ఒకటో తరగతిలో అడుగుపెట్టే ప్రతి బిడ్డా బడికి సిద్ధమై ఉండాలంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ పునాది ఏ వాడలో తవ్వుతారు, ఎవరిచేత మోయిస్తారు అన్నదే మా ప్రశ్న.

ముందు చట్టం సంగతి చూద్దాం. రాజ్యాంగం 45వ అధికరణం మొదట్లో పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంది. ఆరేళ్ల నుంచి అనలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో (అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద నడిచిన కేసే) సుప్రీంకోర్టు దాన్ని జీవించే హక్కుతో కలిపి చదివి, చదువు ప్రాథమిక హక్కు అంది. ఆ లెక్కన పసిపిల్లలూ హక్కుదారులే. 2002లో 86వ సవరణ వచ్చి ఆ హక్కుని 6-14 ఏళ్లకి కుదించింది. ఆరేళ్లలోపు వాళ్లని 'రాజ్యం ప్రయత్నిస్తుంది' అనే ఆదేశిక సూత్రాల్లోకి నెట్టింది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా మూడేళ్లు దాటిన పిల్లలకి ఏర్పాట్లు 'చేయవచ్చు' అందే గాని 'చేయాలి' అనలేదు. ఉన్నోళ్లకి ఈ తేడాతో పనిలేదు, ఎల్.కె.జి. కొనుక్కుంటారు. నష్టపోయేది కూలోళ్ల బిడ్డలే.

ఇక చోటు. ఐ.సి.డి.ఎస్. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. అంగన్ అంటే వాకిలి. ఎవరి వాకిలి? 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు 14 లక్షల కేంద్రాలు తెరవమంటూ, ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకి ముందు ఇవ్వమని ప్రత్యేకంగా ఆదేశించాల్సి వచ్చింది. పథకం పుట్టిన ముప్పయ్యేళ్లకి! కొత్త విధానం మళ్లీ 'సామాజికంగా, ఆర్థికంగా వెనకబడిన జిల్లాలు, ప్రాంతాలు' అంటోంది. ఒకే ఊళ్లో ఊరికీ వాడకీ మధ్య ఉన్న దూరం జిల్లా లెక్కలో కనబడదు. మూడేళ్ల బిడ్డకి ఆ దూరమే బడికి అడ్డం. దళిత ఆయా వండితే పిల్లల్ని పంపమనే ఊళ్ల గురించి ఆ పునాది పాఠంలో ఒక్క మాటా లేదు.

మూడోది వేళ. నాట్లకీ కలుపుకీ పోయే తల్లి పొద్దున్నే పోయి పొద్దుగూకి వస్తుంది. మూడేళ్లలోపు బిడ్డకి అంగన్‌వాడీ ఇచ్చేది ప్రధానంగా ఇంటికి తెచ్చుకునే సరుకు. రోజంతా చూసుకునే మనిషి ఉండరు. 2017 ప్రసూతి చట్ట సవరణ 50 మంది పనిచేసే సంస్థకి శిశుసంరక్షణ కేంద్రం ఉండాలంది. పొలం ఏ సంస్థ కిందకొస్తుంది? 'పాల్నా' పథకం లక్ష్యం 17,000 అంగన్‌వాడీ-కమ్-క్రెష్‌లు. సుమారు 14 లక్షల కేంద్రాల్లో ఇది నూటికి ఒకటి పైచిలుకు. మిగతా చోట్ల బిడ్డని ఎత్తుకునేది అక్కే. బడి మెట్లెక్కిన మా మొదటి తరంలో చాలామంది చదువు వెనక ఆగిపోయిన ఒక అక్క చదువుంది. విధానం రాసేవాళ్లకి ఇది 'డ్రాపవుట్'. మాకది పిల్లల పెంపకానికి రాజ్యం పెట్టని ఖర్చు.

నాలుగోది శ్రమ. కేంద్రం 2018 అక్టోబరు నుంచి కార్యకర్తకి నెలకి 4,500, ఆయాకి 2,250 రూపాయలు నిర్ణయించింది. రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి. పేరు 'గౌరవ వేతనం'. గ్రాట్యుటీ వాళ్ల హక్కని చెప్పించుకోవడానికి 2022 దాకా కోర్టుల్లో తిరగాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకి దిగితే 2024 జనవరిలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, సమ్మె చేస్తే అత్యవసర సేవ! ఈ తర్కం మన వాడలకి కొత్తది కాదు. వెట్టి కూడా ఊరికి అత్యవసరమే, కూలి మాత్రం ఉండేది కాదు.

కాబట్టి 'పునాది' మాటకి మురిసిపోలేం. పుట్టిన నాటి నుంచి ఆరేళ్ల దాకా సంరక్షణ, చదువు ప్రాథమిక హక్కు కావాలి. కేంద్రం వాడలోనే ఉండాలి, తల్లి పని వేళలకి తెరిచుండాలి. అందులో పనిచేసేవాళ్లు ఉద్యోగులు కావాలి. ఈ వ్యాసం చదివే విద్యార్థులూ టీచర్లూ ఒక పని చేయగలరు. మీ ఊళ్లో కేంద్రం ఎవరి ఇళ్ల మధ్య ఉంది, ఎవరు వండుతున్నారు, ఎవరి పిల్లలు తినకుండా వెళ్తున్నారు, రాయండి. ఆ లెక్క మనమే తీయాలి.