ఆంధ్రా ప్యారిస్ : ఒక ఉపమాన విచారణ

తెనాలిని ‘ఆంధ్రా ప్యారిస్’ అనుట తెలుగుదేశమున అందఱెఱిగిన వాడుక. పట్టణము నడుమ పాఱు కాలువలు, నాటకకళయందలి అభినివేశము, వస్త్రాభరణములయందలి మక్కువ ఇందుకు హేతువులుగా చెప్పబడుచున్నవి. లోకులు దీనిని మెచ్చుకోలుగా విని ఊరకుండవచ్చును, సాహిత్యవిద్యార్థి ఊరకుండరాదు. ఇది అలంకారము గనుక పరీక్షకు పాత్రము. ఇందు ఉపమేయమున్నది, ఉపమానమున్నది. ఉపమావాచకము లేదు, సాధారణధర్మమును లేదు. అభేదము చెప్పబడినందున రూపకమందమన్నను, రూపకమునకును సాదృశ్యమే ప్రాణము. ఆ సాదృశ్యమెట్టిది? అంతకుముందే అడుగవలసిన ప్రశ్న మఱొకటి కలదు: ఉపమానమైనది ఏ ప్యారిస్?

ఏలయన ప్యారిసులు రెండు. 1853లో సేన్ మండలాధికారిగా నియుక్తుడైన హౌస్మన్, మూడవ నెపోలియను ఆజ్ఞచే ఆ నగరమును కూల్చి కట్టించెను. 1870 ఆరంభమున ఆయన పదవినుండి తొలగింపబడునాటికి విశాలములై తిన్ననైన రాజవీథులు, సమానమైన ఎత్తున నిలిచిన మేడల వరుసలు, భూగర్భమున మురుగుకాలువలు ఏర్పడినవి. నేడు చిత్రములలో మనము చూచు ప్యారిస్ చాలవఱకు ఆ పదునేడేండ్ల పని. దానికి ముందటి ప్యారిస్ వేఱు. వంకరసందులు, వెలుతురు చొరని ఇరుకుటిండ్లు, వీథి నడుమ పాఱు మురుగు, నదిరేవులలో దిగు ధాన్యము, కట్టెలు, ద్రాక్షసారాయి పీపాలు, ఆ రేవుల నాశ్రయించిన అంగళ్లు దాని రూపము. 1832లో కలరా ఆ సందులలో వేలకొలది జనమును పొట్టనబెట్టుకొన్నది.

తెనాలిని కొత్త ప్యారిస్సుతో పోల్చుట పొసగదు. పాత ప్యారిస్సుతో కొంత పొసగును. 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియయ్యెను. పశ్చిమ డెల్టా కాలువలు పొలములకు నీటినే కాక, పడవలకు మార్గమునుగూడ ఇచ్చినవి. దుగ్గిరాలనుండి సాగు కొమ్మమూరు కాలువ పెదగంజామువద్ద బకింగుహాము కాలువను కలియుటచే ఈ సీమ పడవలు చెన్నపట్నము వఱకు పోగలిగినవి. 1899లో బాపట్ల, తెనాలిమీదుగ బెజవాడ-మద్రాసు రైలుమార్గము పూర్తియయ్యెను. నీటిమీద వచ్చు సరకు, దానికై వెలసిన అంగడి, అంగడి పోషించిన నాటకము అను వరుసయే ఈ పోలికలోని సాధారణధర్మము. కాని ఒక భేదమును మఱువరాదు. ప్యారిస్ పాతదనము మధ్యయుగములది. తెనాలిలో మనము పాతదని తలచు అంగడిపట్టణపు రూపము చాలవఱకు ఆనకట్ట తరువాతిది. అనగా అదియే ఒక ఆధునికతాఫలము. ఉపమానము ఇచ్చట కుంటుపడుచున్నది.

ఇక అసలు విషయము. పాత ప్యారిస్ కూలిపోయినను దాని రూపము లోకమునకు తెలిసియే యున్నది. విక్టర్ హ్యూగో 1831లో ప్రకటించిన ‘నోత్ర్‌దామ్ ద పారీ’ నవలలో ఒక అధ్యాయమును పూర్తిగా 1482 నాటి నగరదర్శనమునకే వినియోగించెను. కథ ఆగినను ఆయన లెక్కగొనలేదు. బోద్‌లేర్ తన కావ్యసంపుటి రెండవకూర్పున, 1861లో, ‘హంస’ అను ఖండికను చేర్చి, లూవ్రు ప్రాసాదముచెంత కూలగొట్టబడిన పాతపేటను స్మరించెను. ప్రవాసమునందున్న హ్యూగోకే దానిని అంకితము చేయుట గమనింపదగినది. కూలనున్న వీథులను ముందుగా ఛాయాచిత్రములు తీయుటకు మార్విల్ అనువానిని నగరపాలకులే నియమించిరి. కూల్చినవారే చిత్రింపజేసిరి. కావున ప్యారిస్ రెండుగా నిలిచినది: ఒకటి నేలమీద, ఒకటి అక్షరములలో.

మనకట్టి రెండవ తెనాలి కలదా? మన ప్రాచీనసాహిత్యమున పురవర్ణనకు లోటు లేదు. అష్టాదశవర్ణనలలో నగరమునకే మొదటిపీట. కాని మనుచరిత్రలోని అరుణాస్పదపురమును చదివి ఒక్క వీథికైన పటము గీయలేము. ఇది పెద్దనార్యుని దోషము కాదు. ఆయన ఉద్దేశించినది పురముయొక్క వైభవమునుగాని, వీథులను కాదు. ఈ సంప్రదాయమున వేఱుగా నిలిచినది క్రీడాభిరామము. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగంటివీథులలో తిరుగుచు చూచిన పూటకూళ్లయిల్లు, కోడిపందెము, ఏకవీరగుడి నేటికిని మనకు కన్నులగట్టును. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాతనే తెలుగున అది ఆ రూపమును దాల్చినదని గుర్తుంచుకొన్నచో, పోయిన నగరమును పదములలో నిలుపుట మనవారికి క్రొత్త కాదని తెలియును. గద్యమున ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లలో కాశీయాత్ర చేయుచు ఊరూర నీటివసతిని, ఇండ్లను, బాటలను వ్రాసికొనెను. హ్యూగో నవల వెలువడిన కాలమునందే ఈ పని జరుగుట ఆశ్చర్యకరము. ఒకడు ఊహతో చేసినదానిని ఇంకొకడు కాలినడకతోను, పల్లకీతోను చేసెను.

ఆ దారి తెనాలి చేరలేదు. తెనాలిలో బాల్యము గడపిన చలము, అచ్చట 1909లో జన్మించిన కుటుంబరావు, త్రిపురనేని రామస్వామిచౌదరి కుమారుడైన గోపీచందు - మువ్వురును తెలుగుగద్యమును మలుపుత్రిప్పినవారే. అయినను వారి దృష్టి మనస్సుమీద నిలిచినది. ‘అసమర్థుని జీవయాత్ర’లో మనము నడచునది ఒక మనిషి అంతరంగమునందు. కుటుంబరావు ‘చదువు’లో ఇరువదవశతాబ్ది పూర్వార్ధమునాటి మధ్యతరగతి కుటుంబపు తలపులు, లెక్కలు, భయములు ఎంత స్పష్టముగా నున్నవో, ఆ ఇంటి వసారా, ఆ వీథి మలుపు అంత స్పష్టములు కావు. వర్ణన ఆయన పద్ధతి కాదు. కథాశిల్పమునకు ఇది లాభమే. వీథికి మాత్రము నష్టము. విమర్శకుడు ఈ రెంటిని వేఱువేఱుగా గణింపవలయును.

ఇరుగుపొరుగు పట్టణములకును ఇదే గతి. బాపట్ల అనగానే మనము భావనారాయణస్వామిని తలచి భావపురి యందుము. 1913లో ప్రథమాంధ్ర మహాసభ అచ్చట జరిగినదని, ప్రత్యేకాంధ్రరాష్ట్ర ప్రసక్తి అందు వచ్చినదని చదువుదుము. ప్రతినిధులు రైలుదిగి నడచిన వీథి ఎట్టిదో తలపెట్టము. రేపల్లె అనగానే భాగవతములోని గోపకుల పల్లె స్ఫురించును. పెనుమూడివద్ద కృష్ణను దాటించిన పడవలు, నదిగాలి, రైలుమార్గపు చివర ఊరి బ్రదుకు ఆ పేరిమాటున దాగిపోవును. తెనాలికి ప్యారిస్ ఎట్టిదో రేపల్లెకు గోకులమట్టిది. ఉపమానమే ఉపమేయమును మింగినది. బాపట్లలో 1902లో జన్మించి, తెనాలి శ్రీరామవిలాససభ రంగముమీద సత్యభామగా ఆంధ్రదేశమును అలరించిన స్థానం నరసింహారావు అభినయమును వర్ణించినవారు పెక్కురు. ప్రేక్షకులు కూర్చున్న శాలను వర్ణించినవారు అరుదు.

ఒక్కచోట మాత్రము తెనాలి తన్ను తాను చెప్పుకొన్నది. 1942 ఆగస్టు 12వ తేదీన క్విట్ ఇండియా ఉద్యమమున పోలీసుకాల్పులకు ఏడ్గురు బలియైన కూడలి నేడు రణరంగచౌక్. అచ్చటి స్తూపములు స్థలమును జ్ఞాపకముగా మార్చినవి. ప్రాణములు పోయినచోట స్తూపములు నిలిచినవి. కాని పడవలు ఆగిన రేవునకు స్తూపమెవ్వరును ఎత్తరు. దానికి స్తూపము వాక్యమే.

పాతదంతయు మంచిదని చెప్పుట నా అభిప్రాయము కాదు. కలరాసందులు పోవలసినవే, రేవుదాటు పడవకై వానలో నిలుచువానికి వారధి రావలసినదే. పోవుట దోషము కాదు, వ్రాయబడకయే పోవుట దోషము. కాలువలలో సరకుపడవల రాకపోకలు నిలిచిపోయినవి. వీథి వెడల్పగునపుడు మొదట పోవునది అరుగు; అరుగుతోపాటు దానిమీద జరిగిన పురాణకాలక్షేపము, పేకాట, పెండ్లిబేరము అను మాటలకు ఆధారము పోవును. ఒకే గుంటూరుజిల్లాలో నుండిన ఈ మూడు పట్టణములలో బాపట్ల, రేపల్లె 2022లో ఏర్పడిన బాపట్లజిల్లాలోనికి పోయినవి. పాత లెక్కలు, పత్రములు వెదకువాడు ఇకమీద రెండుచోట్ల తిరుగవలయును.

కావున పరిశోధకవిద్యార్థులకు ఒక సూచన. ఈ సీమ కథలలో, నవలలలో, స్వీయచరిత్రలలో, నాటకసభల కరపత్రములలో చెదరియున్న వీథి, రేవు, లాకు, వంతెన, సత్రము, మండువాయిల్లు అనువాని ప్రస్తావనలను ఒకచోట కూర్చుడు. వృద్ధుల నోట నున్న పేటల పేర్లను వ్రాసికొనుడు. కుటుంబరావు వదలిన వసారా ఎవరో ఒక సామాన్యరచయిత కథలో దొరకవచ్చును; అప్పుడు ఆ సామాన్యరచయితకు మన చరిత్రలో స్థానము లభించును. అట్లు కూర్చిననాడు తెనాలిని ప్యారిస్ అనవలసిన పని యుండదు. తన రూపము తనకు తెలిసిన పట్టణమునకు అరువుతెచ్చిన పేరుతో పనియేమి?