మాండవ్యుని తూనీగ, ఖాండవపు అడవి: గోదావరి లంకల నుండి ఒక పునఃపఠనం

కీలకపదాలు: ఆదిపర్వం, మాండవ్యోపాఖ్యానం, ఖాండవదహనం, తూనీగ, లంకభూములు, ఆవాసం.

నన్నయ ఆదిపర్వంలోని మాండవ్యోపాఖ్యానాన్ని బోధించేటప్పుడు తరగతిలో ఒకచోట తప్పక నవ్వు వినిపిస్తుంది. చేయని దొంగతనానికి కొరత వేయబడిన ముని యమధర్మరాజును కారణం అడుగుతాడు. బాల్యంలో పతంగాలను పుల్లలతో గుచ్చిన పాపమే ఇదని యముడు బదులిస్తాడు. తెలుగువారు దీన్ని తూనీగల కథగానే ఎరుగుదురు. తూనీగ తోకకు దారం కట్టి ఆడినవారు మా విద్యార్థులలో చాలామందే ఉంటారు కనుక ఆ నవ్వులో కొంత జంకు కూడా కలిసి ఉంటుంది.

ఈ ఘట్టాన్ని సాధారణంగా విదురుని జన్మకు కారణకథగానూ, పద్నాలుగేండ్ల లోపు వారికి పాపం అంటదన్న ధర్మనిర్ణయంగానూ చదువుతాం. పర్యావరణ దృష్టితో చదివేవారు దీనిని ప్రాచీనుల జీవకారుణ్యానికి సాక్ష్యంగా చూపడం సులభం. ఆ సాక్ష్యం మనం అనుకున్నంత దూరం రాదన్నది ఈ వ్యాసం వాదన. యముని పద్దులో గుచ్చినవాడు ఉన్నాడు, గుచ్చబడిన ప్రాణి ఉంది. ఆ ప్రాణి పుట్టిన నీటిమడుగు లేదు.

ఈ లోటు అదే పర్వం చివరనున్న ఖాండవదహనంతో పోల్చినప్పుడే పూర్తిగా తెలుస్తుంది. కృష్ణార్జునుల అండతో అగ్ని ఒక అడవిని సమస్త జీవరాశితో సహా దహిస్తాడు. అందుకు ఎవరికీ కొరత లేదు, శాపం లేదు. పైగా ఇంద్రుడు మెచ్చి వరాలిస్తాడు. బయటపడినవారెవరు? తక్షకుని కొడుకు అశ్వసేనుడు, అర్జునుని శరణు వేడిన మయుడు, అగ్నిని స్తుతించిన నాలుగు శార్ఙ్గక పక్షులు. అంటే పేరో, నోరో, అండో ఉన్నవారు. ఖాండవంలో తూనీగలు లేవా అని ఒక లంకగ్రామపు విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నేను ఆనాడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఒక పతంగాన్ని గుచ్చడం నేరమైన కావ్యంలోనే పతంగాలన్నింటి నివాసం తగలబడడం ఘనకార్యమైంది. హింసను వ్యక్తిగత చర్యగా మాత్రమే లెక్కించే ధర్మానికి ఆవాసం కనబడదు.

నన్నయ ఈ కథలను తెనిగించిన రాజమహేంద్రవరానికి దిగువన ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానికి దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, ఏటిగట్లకు లోపల, లంకలున్నాయి. 1986 ఆగస్టులోనూ 2022 జులైలోనూ వచ్చిన వరదల్లో అవి మునిగాయి. వరద తీసిన తరువాత పల్లపు చోట్ల మడుగులు మిగులుతాయి. తూనీగ కథ నిజానికి అక్కడ మొదలవుతుంది. గుడ్లు నీటిలోనో నీటిమొక్కల కాడలలోనో ఉంటాయి. రెక్కలు రాని శాబకం జాతిని బట్టి వారాలు, నెలలు నీటి అడుగున దోమపిల్లలను తింటూ బతుకుతుంది. ఎండిపోయే మడుగులో పెద్ద చేపల బెడద తక్కువ. అది దానికి రక్ష. మనం చూసే ఎగిరే తూనీగ ఆ జీవితానికి చివరి అంకం మాత్రమే. ఇసుక తవ్వకంతోనో చేపల చెరువుతోనో మడుగు పోయినప్పుడు ఒక్క తూనీగనూ ఎవరూ గుచ్చలేదు. యముడు ఎవరిని పిలిపించాలి?

పదకొండవ శతాబ్ది కావ్యంలో నేటి జీవావరణశాస్త్రాన్ని వెతకడం కాలవిరుద్ధం కాదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. నా అభ్యంతరం నన్నయ మీద కాదు, ఒక్క ఉపాఖ్యానాన్ని విడదీసి ప్రమాణంగా నిలిపే మన పఠనపద్ధతి మీద. ఖాండవపు తర్కం ఇంకా మనతోనే ఉంది. 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యంలో బావురుపిల్లికి, నీటికుక్కకు గుర్తింపు దక్కింది, అది దక్కవలసినదే. లంకమడుగు మాత్రం ఇప్పటికీ ఎవరి దృష్టిలోనైనా ఖాళీ జాగాయే. లంకలలోని రైతులు, జాలరులు ఆ మడుగులకూ వాటి పురుగులకూ వాడే పేర్లను మన శాఖలలోని క్షేత్రపర్యటనలు ఇంకా సేకరించవలసి ఉంది. శార్ఙ్గకాలను కాపాడినది వాటి మాట. ఈ పురుగులకు ఆ పేర్లే మాట.