రెండు పల్లెలు, ఇద్దరు పాదిరులు

చెట్టునీడయు, కాలువగట్టును, పిల్లనగ్రోవి ఊదు గొఱ్ఱెల కాపరియు ఉన్నచో పల్లెనుగూర్చిన పద్యము సిద్ధమైనట్లే అని తలంచు కవులు 18వ శతాబ్దపు ఇంగ్లాండులో అనేకులుండిరి. మందలో రోగము పుట్టినప్పుడు కాపరి ఏమి చేయునో వారు అడుగలేదు. వారిని విడిచి, పల్లెనుగూర్చి మనస్సు పెట్టి వ్రాసిన ఇద్దరిని చూతము.

ఆలివర్ గోల్డ్‌స్మిత్ ఐర్లండు దేశపు పాదిరి కుమారుడు. పాడుపడిన పల్లె అను అర్థమిచ్చు పేరుతో ఆయన కావ్యము 1770లో వెలువడెను. ఆ ఊరు ఆబర్న్. ధనవంతుడొకడు తన ఉద్యానవనమునకును, చెరువునకును, గుఱ్ఱములకును స్థలము కావలెనని పేదల భూమిని మ్రింగివేయగా, జనులు ఓడలెక్కి అమెరికాకు పోవుదురు. ఆ కాలమున ఉమ్మడి బీళ్లకు కంచెలు వేసికొనుటకు పార్లమెంటే చట్టములు చేయుచుండెను. నాబోతు ద్రాక్షతోట సంగతి ఎరిగిన మనకు ఇది వింతగాదు. అచ్చట రాళ్లతో జరిగిన పని ఇచ్చట కాగితముతో జరిగినది.

ఆ ఊరి పాదిరికి ఏడాదికి 40 పౌనులు జీతము. అంతకంటె పెద్ద స్థానమును ఆయన కోరలేదు. బిచ్చగాండ్రును, యుద్ధములో దెబ్బతిన్న సిపాయియు ఆయన పొయ్యి యొద్ద కూర్చుండి తమ కథలు చెప్పుకొందురు. ఆరాధన ముగియగానే పిల్లలు ఆయన అంగీ పట్టుకొని లాగుదురు. ఇట్టి అయ్యగారు తమకుండవలెనని కోరని సంఘమేది? అయినను పూర్వపు ఆబర్న్‌లో అప్పు లేదు, ఆకలి లేదు, తగవు లేదు. భూస్వామిని గూర్చి కవి చేసిన ఫిర్యాదును నేను నమ్ముదును. నాలుగైదు సంవత్సరములు పల్లెలు తిరిగి విచారించితినని ఆయనే అంకితపత్రములో చెప్పెను. కాని ఆ పాత ఊరిని పూర్తిగా నమ్మజాలను. జ్ఞాపకము దానికి బెల్లము పూసినది.

జార్జి క్రాబ్ సముద్రపు ఒడ్డున ఆల్డ్‌బరో అను బీద ఊరిలో పుట్టి, రేవులో కూలిపని చేసి, వైద్యము నేర్చి, తరువాత పాదిరి అయినవాడు. 1783లో ఆయన ప్రచురించిన పల్లె కావ్యములో పొలమునిండ కలుపే. ఊరి ముసలివాడు తన కష్టము ముగిసిన పిమ్మట బీదల సత్రములో పడియుండును. వైద్యుడు విసుగుతో వచ్చి, చూచీచూడక పోవును. పాదిరికి వేట ముఖ్యము, పేకాట ముఖ్యము. ముసలివాడు చనిపోగా జనులు శవమును కొండమీదికి మోసికొని వచ్చి సమాధియొద్ద కనిపెట్టుదురు; పాదిరి రాడు. ఆదివారము చూతమని వాయిదా వేయును. బీదవాని ఎముకలకు ప్రార్థన కూడ లేకపోయెనని దుఃఖించుచు వారు ఇండ్లకు మరలుదురు. ఆ వృద్ధునితో ఆడుకొనిన పిల్లలుకూడ శవపేటికచుట్టు మౌనముగా నిలుతురు. అక్కడ క్రాబ్ ఎవరినీ కేకలువేసి తిట్టడు. ఆ మౌనమే చాలును.

ఈ రెండు కావ్యములలోను డాక్టరు శామ్యూల్ జాన్సన్ చేయి ఉన్నది: మొదటిదాని చివరి నాలుగు పంక్తులు ఆయన వ్రాసెను, రెండవదానిలో కొన్ని దిద్దెను. కవితగా గోల్డ్‌స్మిత్‌దే మధురము. అయినను సంఘపెద్దల కూటములో చదువదగినది క్రాబ్ పల్లెయే. బోధకులము వినక తప్పదు గనుక.

విచిత్రమేమనగా, క్రాబ్ తానే మస్టన్ అను తన విచారణను విడిచి 1792 మొదలు 1805 వరకు వేరొకచోట కాపురముండెను. బిషపు గట్టిగా చెప్పినమీదట తిరిగివచ్చెను. అప్పటికి ఆ ఊరిలో మెథడిస్టులు సంఘముగా కూడియుండిరి.